క్రియ ఎక్కడ దాక్కుంది? ఇంగ్లీషు వాక్యంపై ఒక ఇంటి పాఠం



గంగవరంలో ఒక ఆదివారం పూజ ముగిసిన తరువాత ఒక తండ్రి తన కొడుకును వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. అబ్బాయి ఎనిమిదో తరగతి. ఐదు దాకా తెలుగులో చదివి, ఆ తరువాత ఇంగ్లీషు మాధ్యమంలోకి మారాడు. చేతిలో నోటు పుస్తకం ఉంది. అందులో ‘మా నాన్న’ అనే వ్యాసం. మొదటి వాక్యం ‘మై ఫాదర్ ఫార్మర్’. దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్న. ఆ పేజీలో అలాంటి సున్నలు పదకొండు లెక్కపెట్టాను.

“క్రియ అంటే ఏమిటిరా?” అని అడిగాను. గడగడా అప్పజెప్పాడు: “ఎ వర్బ్ ఈజ్ ఎ వర్డ్ దట్ డినోట్స్ యాన్ యాక్షన్.” ఎనిమిది భాషాభాగాల పేర్లు కూడా ఒక్కటి తప్పకుండా చెప్పాడు. “మరి నువ్వు రాసిన ఈ వాక్యంలో క్రియ ఏది?” అన్నాను. తల వంచుకున్నాడు. కాసేపటికి, “నా బుర్రకు ఇంగ్లీషు ఎక్కదు ఫాదర్” అన్నాడు. తండ్రి అంతకంటె చిన్న గొంతుతో, “నాకా సదువు రాదు. వీడికి నేనేం చెప్పేది?” అన్నాడు.

ఈ రెండు మాటలూ మన ఇళ్ళలో తరచుగా వినబడుతున్నవే. పిల్లవాడు తన బుర్రను నిందించుకుంటాడు, తండ్రి తన బ్రతుకును నిందించుకుంటాడు. ఇద్దరూ పొరపాటు పడుతున్నారని చెప్పడానికే ఈ వారం పాఠం. ఆ తప్పు మొద్దుతనం వలన వచ్చినది కాదు. పిల్లవాడికి తెలుగు బాగా వచ్చు గనుక వచ్చినది. ఇంగ్లీషు రాని తండ్రి కూడా ఆ తప్పును దిద్దడానికి సాయపడగలడు. ఎలాగో చూద్దాం.

ఎనిమిది భాగాలు ఎక్కడివి?

ముందుగా, పిల్లలు బట్టీ పట్టే ఆ ఎనిమిది భాగాల సంగతి. క్రీస్తు పూర్వం నాలుగవ శతాబ్దంలో గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ మాటలను ముఖ్యంగా రెండుగా విడదీశాడు: పేరు, క్రియ. క్రియకు ఉన్న ప్రత్యేకత కాలాన్ని కూడా సూచించడం అన్నాడు. గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో ఈ మాట విన్నాను గాని, దాని విలువ పిల్లలకు పాఠం చెప్పేటప్పుడే తెలిసింది. తరువాత డయొనీసియస్ థ్రాక్స్ పేరిట ప్రసిద్ధమైన గ్రీకు వ్యాకరణం భాషాభాగాలను ఎనిమిదిగా లెక్కపెట్టింది. రోములో నాలుగవ శతాబ్దపు పండితుడు డొనాటుస్ లాటిను భాషకు అదే లెక్కను ఖాయం చేశాడు. ఈయన మన పునీత జెరోము గారి గురువు. యూరపు పిల్లలు కొన్ని వందల ఏండ్లు ఆయన పుస్తకమే వల్లించారు. ఇంగ్లీషు వ్యాకరణం ఆ చెట్టుకు కాచిన కాయే.

ఎనిమిది అన్న అంకె మాత్రం మారకుండా ఉన్నది గాని, లోపలి సరుకు మారింది. గ్రీకులో ఉన్న ఆర్టికల్ లాటినులో లేదు. లాటిను వారు దాని స్థానంలో ఇంటర్జెక్షన్‌ను చేర్చుకున్నారు. విశేషణాన్ని వారు నామంలోనే కలిపి చెప్పేవారు, ఇంగ్లీషువారు దానిని వేరు చేశారు. మన దేశంలో యాస్కుడు నిరుక్తంలో పదాలను నాలుగే అన్నాడు: నామం, ఆఖ్యాతం, ఉపసర్గ, నిపాతం. ఆఖ్యాతం అంటే క్రియ. కాబట్టి ఎనిమిదా, నాలుగా అన్నది పండితుల సౌకర్యం. అయితే గ్రీకులూ మనవారూ ఇద్దరూ ఒప్పుకున్నవి రెండున్నాయి. అవి నామం, క్రియ. ఇవి వాక్యానికి రెండు స్తంభాలు. మిగిలినవి వాటికి ఆనుకొని ఉండేవే.

ఇంకొక సంగతి. ‘వర్బ్’ అన్నది లాటినులోని ‘వెర్బుమ్’ నుంచి వచ్చింది. వెర్బుమ్ అంటే ‘మాట’ అని అర్థం. లాటిను బైబులులో యోహాను సువార్త మొదటి అధ్యాయంలోని ‘వాక్కు’ కూడా ఈ పదమే. మాటలన్నిటిలో ‘మాట’ అన్న పేరు దక్కినది క్రియకే.

పుట్టుక కాదు, పని

పిల్లలు చేసే మొదటి పొరపాటు, ప్రతి మాటకూ పుట్టుకతోనే ఒక భాగం రాసిపెట్టి ఉందనుకోవడం. ‘మిల్క్ అంటే నౌన్’ అని రాసుకుని కంఠస్థం చేస్తారు. మాటకు కులం లేదు, పని మాత్రమే ఉంది. పలమనేరు, గంగవరం ప్రాంతంలో ఆవులు లేని వీధి ఉండదు గదా, ఆ పాలనే తీసుకుందాం.

‘మదర్ సెల్స్ మిల్క్’ అంటే అమ్మ పాలు అమ్ముతుంది. ఇక్కడ మిల్క్ ఒక వస్తువు పేరు, కాబట్టి నామవాచకం.

‘మదర్ మిల్క్స్ ది కౌ’ అంటే అమ్మ ఆవును పితుకుతుంది. ఇక్కడ అదే మిల్క్ క్రియ.

‘ది మిల్క్ క్యాన్ ఈజ్ ఫుల్’ అంటే పాలక్యాను నిండుగా ఉంది. ఇక్కడ అది ఏ క్యానో చెబుతూ విశేషణం పని చేస్తున్నది.

తెలుగులో పాలు వేరు, పితకడం వేరు. ఇంగ్లీషులో ఒకే మాట మూడు పనులకు కుదిరింది. ‘వాటర్’ అంతే: త్రాగేది నామం, మొక్కలకు పెడితే క్రియ. మనకు ఇది పూర్తిగా కొత్తేమీ కాదు. ‘మంచి మనిషి’లో మంచి విశేషణం, ‘నలుగురికి మంచి చెయ్యి’లో అదే మంచి నామం. కాబట్టి ‘ఈ మాట ఏమిటి?’ అని అడగవద్దు. ‘ఈ వాక్యంలో ఈ మాట ఏం పని చేస్తున్నది?’ అని అడగండి.

ఎనిమిది భాగాలూ ఒకే చోట కనబడే వాక్యం ఒకటి రాసుకుందాం: ‘ఓ! షి క్విక్‌లీ మిల్క్స్ ది బ్లాక్ కౌ అండ్ గోస్ టు ది మార్కెట్.’ ఓహో, ఆమె నల్లావును త్వరత్వరగా పితికి మార్కెట్టుకు వెళుతుంది అని భావం. ‘ఓ’ ఆశ్చర్యార్థకం. ‘షి’ పేరుకు బదులు వచ్చిన సర్వనామం. ‘క్విక్‌లీ’ ఎలా పితికిందో చెప్పే క్రియావిశేషణం. ‘మిల్క్స్’, ‘గోస్’ క్రియలు. ‘బ్లాక్’ విశేషణం. ‘కౌ’, ‘మార్కెట్’ నామాలు. ‘అండ్’ రెంటినీ కలిపే సముచ్చయం. ‘టు’ ప్రిపొజిషన్. మనం ‘మార్కెట్టుకు’ అని ‘కు’ను వెనుక తగిలిస్తాం, వారు ‘టు’ను ముందు పెడతారు. ‘ది’ అనే ఆర్టికల్‌ను పాత పుస్తకాలు విశేషణాలలో చేర్చాయి, కొత్త పుస్తకాలు వేరుగా చెబుతున్నాయి. దానితో ఇప్పుడు మనకు పని లేదు.

కనబడని క్రియ

ఇక మన అబ్బాయి వాక్యానికి వద్దాం. ‘మా నాన్న రైతు.’ ఇది తెలుగులో నిండు వాక్యం. దీనిలో ఏమీ తక్కువ లేదు, క్రియ మాత్రం పైకి కనబడదు. రెండు నామాలను పక్కపక్కన నిలబెడితే తెలుగులో వాక్యం అయిపోతుంది. ఇంగ్లీషులో అలా కాదు. ఆజ్ఞలో తప్ప కర్త లేకుండా, ఎక్కడైనా సరే క్రియ లేకుండా పూర్తి వాక్యం నిలబడదు. ‘మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్’ అని ‘ఈజ్’ పెట్టి తీరాలి.

‘ఈజ్ అంటే ఉన్నాడు అని చెప్పారు ఫాదర్’ అన్నాడు అబ్బాయి. తప్పు పుట్టింది అక్కడే. ‘మా నాన్న తోటలో ఉన్నాడు’ అన్నప్పుడు ‘ఉన్నాడు’ కనబడుతుంది, కాబట్టి వాడు ‘మై ఫాదర్ ఈజ్ ఇన్ ది గార్డెన్’ అని సరిగానే రాశాడు. ‘మా నాన్న రైతు’లో ‘ఉన్నాడు’ లేదు. కాబట్టి ‘ఈజ్’ కూడా వదిలేశాడు. వాడు ఆలోచించకుండా రాయలేదు, తెలుగు ప్రకారం ఆలోచించి రాశాడు.

మరి కనబడని క్రియను పట్టుకోవడం ఎలా? ఒక ఉపాయం ఉంది. ఆ వాక్యాన్ని ‘కాదు’ అనిపించండి.

మా నాన్న రైతు. కాదంటే? మా నాన్న రైతు కాదు.

మా నాన్న తోటలో ఉన్నాడు. కాదంటే? మా నాన్న తోటలో లేడు.

అవునన్నప్పుడు దాక్కున్న క్రియ కాదన్నప్పుడు బయటికి వస్తుంది. ‘కాదు’ అన్నది ‘అవు’ అనే క్రియకు వ్యతిరేక రూపం. ‘లేడు’ అన్నది ‘ఉండు’ అనే క్రియకు వ్యతిరేక రూపం. తెలుగులో ఇవి రెండు వేర్వేరు క్రియలు. ఇంగ్లీషులో రెంటికీ ఒక్కటే: యామ్, ఈజ్, ఆర్ అనే ‘బీ’ క్రియ. కాబట్టి, ఏదైనా వాక్యాన్ని వ్యతిరేకం చేసినప్పుడు చివర విడిగా ‘కాదు’ వచ్చినా, ‘లేడు, లేదు’ వచ్చినా, అక్కడ మామూలుగా ‘బీ’ క్రియ కావాలని గుర్తు. ‘నాకు డబ్బు లేదు’ వంటివి దీనికి మినహాయింపు, వాటి సంగతి కాసేపట్లో చెబుతాను.

నిజానికి తెలుగు కూడా ఈ పనిని అన్ని చోట్లా ఎగవేయదు. ‘నేను రైతును, నీవు రైతువు’ అంటాం. ‘రైతును’లో చివరి ‘ను’ చేస్తున్న పని, ‘ఐ యామ్ ఎ ఫార్మర్’లో ‘యామ్’ చేస్తున్నది. మనం దానిని పేరుకే అంటించాం, వారు విడిగా నిలబెట్టారు.

ఇంకొక తేడా. తాత కాలం చేసి పదేండ్లయినా ‘మా తాత రైతు’ అనే అంటాం. కాలం సంగతి వినేవారికి తెలుసు గనుక మనం చెప్పం. ఇంగ్లీషు అలా ఒప్పుకోదు: ‘మై గ్రాండ్‌ఫాదర్ వాజ్ ఎ ఫార్మర్’. క్రియ కాలాన్ని కూడా మోస్తుందని అరిస్టాటిల్ అన్నది దీనినే.

మదనపల్లెలో ఒక అనువాదం

క్రియ లేకుండా వాక్యం చెప్పడం మన ఒక్కరి అలవాటు కాదు. బెంగాలీ భాషకూ ఆ గుణం ఉంది. దానికి మనకు దగ్గరలోనే ఒక మంచి నిదర్శనం దొరుకుతుంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ టాగూరు మదనపల్లెలోని బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో కొన్ని రోజులు ఉన్నారు. జేమ్స్ కజిన్స్ అప్పుడు ప్రిన్సిపాలు. టాగూరు తాను రాసిన ‘జనగణమన’ను అక్కడ పాడి వినిపించారు. కజిన్స్ భార్య మార్గరెట్ దానికి స్వరలిపి రాశారు. అక్కడే టాగూరు ఆ గీతాన్ని తన చేత్తో ఇంగ్లీషులోకి మార్చి రాశారు. 1950 జనవరి 24న ఆ గీతం మన జాతీయగీతం అయింది.

మన పిల్లలు రోజూ బడిలో పాడే ఆ గీతం మొదటి మాటలను ఒకసారి మనసులో అనుకోండి. అందులో పిలుపు ఉంది, జయం ఉంది. ‘ఉన్నావు’, ‘అయి ఉన్నావు’ అనే క్రియ లేదు. అయినా భావానికి లోటు లేదు. టాగూరు దానిని ఇంగ్లీషు చేసినప్పుడు మాత్రం మొదటి వాక్యంలోనే ‘నీవు’ అనే కర్తను పెట్టి, దాని వెంటనే ‘బీ’ క్రియ పాత రూపం ఒకటి పెట్టారు. 1913లోనే నోబెల్ బహుమానం పొందిన కవి కూడా ఒక భాషలో నుంచి మరొక భాషలోకి అడుగు పెట్టేటప్పుడు ఆ గడప దాటవలసిందే. మన గంగవరం అబ్బాయి తొట్రుపడిన గడప అదే.

నాకు, నేను

రెండో గడప ‘నాకు’ దగ్గర ఉంది. తెలుగులో ఆకలి, జ్వరం, ఇష్టం, తెలివిడి, ఆస్తి అన్నీ మన దగ్గరకు వస్తాయి, కాబట్టి ‘నాకు’ అంటాం. ఇంగ్లీషులో వాటన్నిటికీ మనిషే కర్త, కాబట్టి ‘ఐ’ అంటారు.

నాకు ఆకలిగా ఉంది: ఐ యామ్ హంగ్రీ.
నాకు ఇద్దరు చెల్లెళ్ళు: ఐ హావ్ టూ యంగర్ సిస్టర్స్.
నాకు జ్వరం: ఐ హావ్ ఎ ఫీవర్.
నాకు తెలుసు: ఐ నో.
నాకు నీళ్ళు కావాలి: ఐ వాంట్ వాటర్.
నాకు డబ్బు లేదు: ఐ హావ్ నో మనీ.

‘హావ్’ అనే క్రియకు సరిసమానమైనది తెలుగులో లేదు. మనం ‘నాకు ఉంది’ అని సరిపెట్టుకుంటాం. అందువలన, ‘కు’ ఉన్న మనిషి, అతనికి చెందినది ఒకటి, చివర ఉంది లేక లేదు, ఈ మూడూ కలిస్తే హావ్ గాని హాజ్ గాని పెట్టాలని పిల్లలకు చెప్పండి.

పెద్ద చదువులు చదివినవారు కూడా ‘మై ఫాదర్ ఈజ్ హావింగ్ టూ కౌస్’, ‘ఐ యామ్ నోయింగ్’ అనడం విన్నాను. దీనికీ మందు తెలుగులోనే ఉంది. ‘తెలుసు’, ‘కావాలి’, ‘ఇష్టం’ అన్నప్పుడు మనం ‘తున్నా’ అనడం లేదు గదా? మరి ఇంగ్లీషులో ‘ఇంగ్’ ఎందుకు తగిలించాలి? ‘వెళ్తున్నాను, తింటున్నాను’ అని జరుగుతున్న పని చెప్పేటప్పుడే దాని అవసరం.

క్రియ తోక

మన క్రియకు తోక ఉంది. వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది, వచ్చారు. తోక చూస్తే వచ్చినది ఎవరో తెలుస్తుంది, కాబట్టి కర్తను చెప్పకపోయినా బాధ లేదు. ‘వచ్చాడా?’ ‘వచ్చాడు.’ సంభాషణ అయిపోయింది. ఇంగ్లీషు క్రియకు ఆ తోకలన్నీ ఊడిపోయాయి. ఎవరు వచ్చినా ‘కేమ్’ ఒక్కటే. అందుకే ‘హి కేమ్’, ‘షి కేమ్’ అని కర్తను ప్రతిసారీ చెప్పాలి. కర్తను మింగేయడం పిల్లల తప్పు కాదు, తెలుగు వారికి ఇచ్చిన సౌకర్యం.

ఒక చిన్న తోక మాత్రం మిగిలి ఉంది. వర్తమానంలో హి, షి, ఇట్ వచ్చినప్పుడు క్రియకు ‘స్’ చేరుతుంది. ఇక్కడ పిల్లలు తికమక పడతారు. ‘స్’ అంటే బహువచనం అని నేర్చుకున్నారు గదా! నామానికి ‘స్’ బహువచనం, క్రియకు ‘స్’ ఏకవచనం. ‘ది కౌ గివ్స్ మిల్క్.’ ‘ది కౌస్ గివ్ మిల్క్.’ మామూలుగా ఆ ‘స్’ ఒక ఇంట్లోనే కాపురం ఉంటుంది. నామం ఇంట్లో ఉంటే క్రియ ఇంట్లో ఉండదు. మెన్, చిల్డ్రన్ వంటి కొన్ని మాటలకు బహువచనంలో ‘స్’ ఉండదు, అయినా వాటి క్రియకూ ‘స్’ రాదు.

వాక్యంలో చోటు కూడా చూడాలి. ‘పిల్లి కుక్కను చూసింది’ అన్నా, ‘కుక్కను పిల్లి చూసింది’ అన్నా మనకు ఒకటే, ‘ను’ ఉంది గనుక. ‘ది క్యాట్ సా ది డాగ్’ అన్న వాక్యంలో పేర్లు తారుమారు చేస్తే చూసినది కుక్క అవుతుంది. క్రియకు ఎడమ ప్రక్క చేసినవారు, కుడి ప్రక్క చేయబడినది. క్రియను చివర పెట్టే అలవాటు మనది, నడుమ పెట్టే అలవాటు వారిది.

కాలాన్ని మోసేది ఎవరు?

మనం ‘వెళ్తాను’ అన్న ఒక్క రూపాన్ని రెండు పనులకు వాడతాం. ‘రోజూ బడికి వెళ్తాను’ అంటే అలవాటు: ఐ గో. ‘రేపు పుంగనూరు వెళ్తాను’ అంటే రాబోయేది: ఐ విల్ గో. ‘రోజూ’, ‘రేపు’ అన్న మాటలను చూడకుండా క్రియను రాయవద్దు. కొందరు ‘రోజూ వెళ్తున్నాను’ అని కూడా అంటారు. అక్కడ ‘రోజూ’కే పెద్దరికం ఇవ్వండి.

ఇక అన్నిటికంటె ఎక్కువ ఎర్ర సున్నలు తెచ్చేది ‘హి డిడ్ నాట్ కేమ్’. నిన్నటి సంగతి గదా, కేమ్ అనే రాయాలి అని పిల్లలు అనుకుంటారు. వారిని తెలుగులో అడగండి: ‘వాడు వచ్చాడు. కాదంటే?’ ‘వాడు రాలేదు.’ ‘వచ్చాడు లేదు’ అని ఏ పిల్లవాడూ అనడు. చూడండి, ‘వచ్చాడు’లోని భూతకాలం, తోక రెండూ పోయి, ఒట్టి ‘రా’ మిగిలింది. బరువంతా ‘లేదు’ మీద పడింది. పైగా నేను రాలేదు, నీవు రాలేదు, వారు రాలేదు అని అందరికీ ఒకటే రూపం. ఇంగ్లీషులోనూ సరిగ్గా అదే జరుగుతుంది. కాలాన్ని ‘డిడ్’ మోస్తుంది, అసలు క్రియ బరువు దించుకుని ‘కమ్’గా నిలబడుతుంది: హి డిడ్ నాట్ కమ్. ప్రశ్నలోనూ అంతే: డిడ్ హి కమ్? వర్తమానంలో ‘డజ్’ ఆ చివరి ‘స్’ను తీసుకుంటుంది: షి డజ్ నాట్ సెల్ మిల్క్. ఒక బరువును ఇద్దరు మోయరు. ఈ ఒక్క మాట గుర్తుంటే సగం సున్నలు తగ్గుతాయి.

ఇంట్లో చేయవలసిన పని

ఇంగ్లీషు రాని తల్లిదండ్రులు రాత్రి భోజనం తరువాత పావుగంట కూర్చుంటే చాలు. పిల్లల చేత ఆ రోజు జరిగిన సంగతి ఒకటి తెలుగు వాక్యంగా చెప్పించండి. తరువాత ఈ నాలుగు ప్రశ్నలు వరుసగా అడగండి.

1. ఎవరి గురించి చెబుతున్నావు? అది ముందు రాయి.
2. క్రియ ఏది? కనబడకపోతే వాక్యాన్ని కాదనిపించు.
3. ఎప్పటి సంగతి? నిన్నటిదా, రోజూ జరిగేదా, ఇప్పుడు జరుగుతున్నదా, రేపటిదా?
4. కర్త ఒక్కరా, చాలామందా?

ఈ నాలుగు ప్రశ్నలూ తెలుగువే. వీటికి జవాబు తప్పో ఒప్పో చెప్పడానికి ఇంగ్లీషు అక్కరలేదు. జవాబు తెలిసిన తరువాత ఇంగ్లీషు మాటను వెదకడం పిల్లల పని. 2020-21 విద్యా సంవత్సరం నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులకు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా ముద్రించిన పాఠ్యపుస్తకాలు వచ్చాయి. అలాంటి పుస్తకం ఇంట్లో ఉంటే తెలుగు పేజీలో క్రియ కింద పెన్సిలు గీత గీయించి, దాని జోడును ఎదుటి పేజీలో వెదికించండి. జోడు దొరకని చోట ఆగండి. అక్కడే పాఠం ఉంది.

సిగ్గుపడవలసిన పని లేదు. ఒకప్పుడు మన భాష నేర్చుకోవడానికి దొరలు ఎంతో కష్టపడ్డారు. కాంప్‌బెల్ 1816లో, బ్రౌను 1840లో తెలుగుకు ఇంగ్లీషులో వ్యాకరణాలు అచ్చువేశారు. బ్రౌను 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చి అక్కడ తెలుగు చదువుకున్నవాడు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో పది పరిచ్ఛేదాలలో ఒకదానిని క్రియకే కేటాయించాడు. అంత శాస్త్రం ఉన్న భాషను మన పిల్లలు ఐదేండ్లు నిండకముందే నాలుక మీద పెట్టుకున్నారు. తెలుగు క్రియను పట్టుకోగలిగినవాడు ఇంగ్లీషు క్రియనూ పట్టుకోగలడు.

అభ్యాసం

ఈ వాక్యాలను ఇంగ్లీషులో రాయించండి. జవాబులు కింద ఉన్నాయి, ముందే చూడనివ్వకండి.

1. మా అమ్మ టీచరు.
2. మా అమ్మ ఇంట్లో లేదు.
3. మాకు మూడు ఆవులు ఉన్నాయి.
4. అక్క రోజూ పాలు అమ్ముతుంది.
5. నిన్న బస్సు రాలేదు.
6. మా తాత కూలి.

జవాబులు: 1. మై మదర్ ఈజ్ ఎ టీచర్. 2. మై మదర్ ఈజ్ నాట్ ఎట్ హోమ్. 3. వి హావ్ త్రీ కౌస్. 4. మై ఎల్డర్ సిస్టర్ సెల్స్ మిల్క్ ఎవ్రీ డే. 5. ది బస్ డిడ్ నాట్ కమ్ ఎస్టర్‌డే. 6. తాత ఉంటే ‘మై గ్రాండ్‌ఫాదర్ ఈజ్ ఎ లేబరర్’, కాలం చేసి ఉంటే ‘వాజ్’. ఆరో దానికి జవాబు వ్యాకరణ పుస్తకంలో దొరకదు, ఇంట్లో అడిగి తెలుసుకోవాలి.

ఆ ఆదివారం సంగతి ఇంకొంచెం మిగిలి ఉంది. “మా నాన్న రైతు. దీన్ని కాదనిపించరా” అని నేను అబ్బాయిని అడిగాను. వాడు ఇంగ్లీషులో ఏదో వెదుక్కుంటూ పైకి చూస్తున్నాడు. పక్కనుంచి తండ్రి అందుకుని, “రైతు కాదు” అన్నాడు. “అదే, ఆ కాదు! క్రియ అక్కడే దాక్కుని ఉంది” అన్నాను. తండ్రి ఒక్క క్షణం నన్ను చూసి, “అయితే నాకు తెలిసినట్లేనా ఫాదర్?” అన్నాడు. అబ్బాయి అప్పటికే పెన్ను తీసి, రెండు మాటల నడుమ పైన చిన్న అక్షరాలతో ‘ఈజ్ ఎ’ అని ఇరికిస్తున్నాడు.